పేష్వాజు: దాని అస్తరు, అంచు

ఉత్తర హిందూస్థానపు దర్జీల భాషలో ప్రతి మంచి వస్త్రమునకును రెండు ముఖములుండును. పైకి కనబడునది అబ్రా, లోపల ఒంటికి తగులునది అస్తరు. రెండును పారసీకమునుండి వచ్చిన మాటలే. అబ్రా అను మాట నేటి హిందీలో అరుదైపోయినది. అస్తరు మాత్రము హిందీలోనే గాక తెలుగులోను స్థిరపడి ఇప్పటికిని కుట్టుపనివారి నోట వినబడుచున్నది. పైబట్ట కంటి యెదుటనే యుండును గనుక దానికి వేరే పేరు అక్కరలేకపోయినది కాబోలు. వేషభూషల చరిత్ర వ్రాసిన పెక్కుమంది ఇందుకు విరుద్ధముగా నడచిరి. పైబట్ట నేతను, రంగును, పూలపనిని వర్ణించుటకు పుటలు వెచ్చించి, అస్తరును ఒక్క వాక్యముతో ముగించిరి. అంచున కుట్టిన పట్టీని అలంకారమని చెప్పి విడిచిరి. కాని ఒక నిలువుటంగీ ఏ ఋతువున, ఎవరికొరకు, ఎంత ధనముతో కుట్టబడినదో తెలిసికొనుటకు ఈ రెండింటినే ముందుగా చూడవలసియుండును.

మొగలాయి అంతఃపురములలోను, రాజపుత్ర సంస్థానములలోను, తరువాత లక్నో నాట్యకత్తెల కొలువులలోను స్త్రీలు ధరించిన పేష్వాజును ఉదాహరణముగా గైకొనవచ్చును. దాని రొమ్ముభాగము బిగుతుగా నుండును, చేతులు పొడవు. నడుమునకు కొంత పైననే అతికిన క్రిందిభాగము కలీలనబడు కోసుముక్కలతో గాని కుచ్చెళ్లతో గాని విశాలముగా పరచుకొనును. దానిక్రింద పైజామా, పైన ఓఢనీ. పేష్ అనగా ముందు, బాజ్ అనగా తెరచినది. దాని కత్తిరింపు దాని పేరులోనే యున్నది. ముందు తెరచియుండి రొమ్ముమీద మాత్రమే ముడివేయబడుటచేత, తొడిగినవారు అడుగు వేసినప్పుడెల్ల లోపలిబట్ట తొంగిచూచును. నర్తకి గిరగిర తిరిగినప్పుడు క్రిందిభాగమంతయు గొడుగువలె విచ్చుకొని లోపలి రంగు సభకంతకు కనబడును. కావున ఈ దుస్తునకు అస్తరును ఎన్నుకొనుట దాగియుండు వస్తువును ఎన్నుకొనుట వంటిది కాదు.

ఈ ఎన్నికను గూర్చి మనకు లభించిన పాత లెక్కలలో మిక్కిలి స్పష్టమైనవి అబుల్ ఫజల్ ఐన్-ఎ-అక్బరీలో నున్నవి. ఆయన పాదుషా దుస్తుల భాండాగారమును వర్ణించుచు, ఏ అంగీకి ఎంత పైబట్ట, ఎంత అస్తరు, ఎంత అంచు, ఎంత దూది, ఎంత పట్టుదారము పట్టునో, కుట్టుకూలి ఎంతయో గజములలోను గిరహలలోను చెప్పెను. గజమునకు పదునారు గిరహలు. కవుల వర్ణనలలో దొరకని సత్యము ఈ దర్జీ లెక్కలలో దొరకును.

తకౌచియా అనునది అస్తరు లేని అంగీ. పూర్వము దాని క్రిందిభాగమునకు చీలికలుండి ఎడమవైపున ముడి యుండెడిది. అక్బరు దానిని గుండ్రని ఘేరాతో కుట్టి కుడివైపున ముడివేయవలెనని ఆజ్ఞాపించెను. దానికి 7 గజముల 7 గిరహల బట్ట, కుట్టులను మూయు పట్టీకి 5 గిరహలు పట్టును. పేష్వాజు కూడ అదే ఆకారము గలదనియు, ముడి మాత్రము ముందువైపున నుండుననియు, ఒక్కొక్కప్పుడు ముడులే లేకుండ కుట్టుదురనియు అబుల్ ఫజల్ చెప్పెను. అప్పటికి అది పాదుషా దుస్తులలో నొకటి. స్త్రీల దుస్తు పేరుగా అది స్థిరపడుట తరువాతి మాట.

దీని తరువాత వచ్చునది దుతహీ, అనగా రెండు పొరలది. దానికి పైబట్ట 6 గజముల 4 గిరహలు, అస్తరు 6 గజములు, పట్టీకి 4 గిరహలు, అంచునకు 9 గిరహలు. అన్నింటిని గిరహలలోనికి మార్చినచో పైబట్ట 100, అస్తరు 96. అస్తరనగా ఏదో మిగులుగుడ్డను లోపల అతుకుట కాదని ఈ రెండంకెలే చాటుచున్నవి. రెండవ అంగీ ఒకటి లోపల పూర్తిగా కుట్టబడుచున్నదన్నమాట. తగ్గిన నాలుగు గిరహలు క్రింది అంచు లోపలికి మడచు చోట మిగిలినవై యుండును. అస్తరు పైబట్టకంటె కొంచెము కురచగా నున్నగాని అంచుక్రిందికి జారి వ్రేలాడును. ఈ సంగతి నేటి దర్జీకి గూడ తెలిసినదే.

జామాపైన తొడుగు ఫర్జీ అను అంగీకి 5 గజముల 12 గిరహల పైబట్ట, 5 గజముల 5 గిరహల అస్తరు చాలును. కాని దాని అంచునకు 14 గిరహలు కావలెను. బట్ట తక్కువైనను అంచు ఎక్కువైనది. ఫర్జీ ముందు పూర్తిగా తెరచి, ముడులు లేకుండ వ్రేలాడును. మెడనుండి పాదమువరకు దాని రెండు అంచులును చూపరుల కన్నులయెదుటనే యుండును. అంచు ఎంత కనబడునో అంత వెడల్పు కావలసివచ్చినది. ఇక గదర్ అనునది మరింత పొడవు, వెడల్పు గలది. హిందూస్థానములో బొచ్చుకోటు స్థానమున ధరింపబడునది. దానికి 7 గజముల బట్ట, 6 గజముల అస్తరు, ఆ రెండింటి నడుమ రెండున్నర సేర్ల దూది. రెండున్నర సేర్ల దూదిని భుజములపై మోయుచు సభలో కూర్చుండుట ఆగ్రా చలికి తప్పినది కాదు కాబోలు.

పాదుషా ఈ దుస్తులలో కొన్నింటి పేర్లనుగూడ మార్చెను. జామా సర్బగాతి యైనది, అనగా సర్వగాత్రమును కప్పునది. బురఖా చిత్రగుపిత యైనది, టోపీ సీస్‌శోభ యైనది, పాదరక్షలు చరణ్‌ధరణ్ అయినవి. హిందీ చదువుకొన్నవారికి ఈ పేర్లలోని తద్భవముల సొంపు వెంటనే తెలియును. ఇవి అంగడిలో నిలువలేదు. ఆ పట్టికలో అస్తరు మాట కానరాదు. దర్జీల భాష రాజాజ్ఞకు లొంగదని దీనివలన గ్రహింపవచ్చును.

అస్తరును ఎన్నుకొనుటలో మొదటి న్యాయాధిపతి ఋతువు. వేసవిలో ధరించు పేష్వాజు సన్నని మల్లుతో కుట్టబడి అస్తరు లేకుండనే యుండెడిది. మొగలాయి చిత్రములలో పారదర్శకమైన అంగీలోనుండి పైజామా చారలు కనబడుటకు కారణమిదియే. అటువంటి బట్టకు అస్తరు వేసినచో దాని సన్నదనమే వ్యర్థమగును. 17వ శతాబ్దములో ఢిల్లీలో నివసించిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, అంతఃపుర స్త్రీలు తొడుగు కొన్ని మల్లుబట్టలు ఒక్క రాత్రికే చీకిపోవునంత సున్నితమైనవని వ్రాసెను. అస్తరు లేని బట్ట ఆయుర్దాయము అంతే. చెమట, రాపిడి, కుట్టుల లాగుడు అన్నియు పైబట్టమీదనే పడును. వేసవి పేష్వాజులు నేటికి మిక్కిలి తక్కువగా మిగులుటకును, చలికాలపు అస్తరు దుస్తులు అంతకంటె ఎక్కువగా నిలుచుటకును ఇది యొక ముఖ్యకారణము. మ్యూజియములలో కనబడు వాటినిబట్టి ఆ కాలమువారెల్లరు ఎల్లప్పుడు బరువైన దుస్తులే ధరించిరని తలచుట పొరపాటు.

రెండవది ధర్మశాస్త్రము. పురుషుని ఒంటికి శుద్ధమైన పట్టు తగులరాదని ఇస్లామీయ ధర్మవేత్తలు విధించిరి. ఈ విధికి లోబడి పట్టు మెరుపును వదలుకొనకుండుటకు నేతగాండ్రు పట్టు పడుగు, నూలు పేక గల బట్టను సాటిను పద్ధతిలో నేసిరి. పట్టు పోగులు పైకి తేలి మెరయును, నూలు వెనుకవైపున నిలిచి ఒంటికి తగులును. దీనికి మష్రూ అని పేరు. ఆ మాటకు అరబ్బీలో అర్థము అనుమతింపబడినదని. ఒక విధముగా చూచినచో మష్రూ తన అస్తరును తనలోనే నేసికొన్న వస్త్రము. స్త్రీలకు పట్టు నిషిద్ధము కాదు. అయినను గుజరాతునుండి దక్కనువరకు స్త్రీలు మష్రూతో రవికెలు, పైజామాలు కుట్టించుకొనిరి. ధర్మముకొరకు పుట్టిన బట్టను ఆ ధర్మము వర్తించనివారుగూడ సుఖముకొరకు స్వీకరించిరి. నూలు చెమటను పీల్చును, పట్టు పీల్చినను మరకపడును.

బంగారు జలతారు నేసిన కిన్‌ఖాబుకు అస్తరు తప్పనిసరి. దాని వెనుకవైపున వదులుగా పరుగెత్తు తీగపోగులు ఒంటిని గీరును, గోటికి తగిలి తెగును. ఔరంగాబాదు హిమ్రూకును వెనుక వదులు పోగుల పొర యుండును, అది గీరదు గాని చిక్కుకొనును. ఇట్టి బట్టలకు లోపల మెత్తని నూలుబట్ట వేయుదురు. చలికాలమున ఆ నూలుబట్ట స్థానమున అద్దకపు బట్ట వచ్చుటయు కలదు. అద్దకపు బట్ట అస్తరుగా ఎంత గౌరవము పొందెనో తెలుపు విషయమొకటి బెర్నియే వ్రాతలలోనే యున్నది. ఔరంగజేబు దర్బారు ఉత్సవమునకై ఢిల్లీ కోటలో ఎత్తిన మహాపటకుటీరము వెలుపల ఎఱ్ఱగా నుండెననియు, లోపల మచిలీపట్టణపు చీట్లతో అస్తరు వేయబడెననియు, ఆ చీట్లపై పూవులు నిజమైన పూదోటను తలపించెననియు ఆయన వర్ణించెను. అవి ఆ గుడారముకొరకే ప్రత్యేకముగా వ్రాయించినవట. కృష్ణా తీరమున కలముతో గీచిన పూవులు ఢిల్లీలో బయటివారికి కనబడక, లోపల కూర్చున్న పాదుషాకును అమీరులకును మాత్రమే కనబడినవి. మంచి అస్తరు ఎవరికొరకో దీనివలన బోధపడును.

ఇక అంచు మాట. ఇక్కడ రెండు విషయములను వేరుచేసి చూడవలెను. పెక్కుమంది గోట్ అను మాటను, గోటా అను మాటను ఒక్కటిగా తలంతురు. గోట్ అనగా అంచున వేరే రంగు బట్టతో వేసిన వెడల్పైన పట్టీ. సంజాఫ్ కూడ ఇట్టిదే. మగ్జీ అనునది రెండు బట్టల కలయికలో సన్నని తాడువలె కనబడు పట్టీ. ఇవన్నియు బట్టతో చేసినవి. గోటా లోహముతో నేసిన పట్టీ.

బట్టపట్టీ పుట్టుకకు కారణము పొదుపు. నిలువుటంగీలో మొదట చినుగునది నేలను రాచుకొను క్రిందిఅంచు. వేరే పట్టీ వేసినచో, అది చినిగినప్పుడు దానినొక్కదానిని మార్చిన చాలును. ఘేరా గుండ్రముగా నుండును గనుక నిలువుపోగున కత్తిరించిన పట్టీ అక్కడ ముడుచుకొనును. అందుచేత దర్జీలు దానిని ఉరేబుగా, అనగా బట్టకు అడ్డకోణమున కత్తిరింతురు. చూడీదారు పైజామాను కాలికి అంటునట్లు చేయునదియు ఈ ఉరేబు కోతయే. ఉరేబు కోతకు బట్ట ఎక్కువ వృథాయగును. పొదుపుకొరకు పుట్టిన పట్టీ చివరకు ఖర్చునకు కారణమైనది. లక్నో బేగములు నేలపై ఈడ్చుకొనిపోవు ఫర్షీ పైజామాకు గోట్ వేయించుటలో పోటీపడిరి. చటాపటీ అను పేర రంగురంగుల చిన్నముక్కలను అతికి గోట్ చేయించిరి. ఒకప్పుడు బీదయిల్లాలు అతుకులబొంతలో చేసిన పనిని సంపన్నుల ఇండ్లలో వేడుకగా చేసిరి.

గోటా సంగతి వేరు. వెండితీగకు బంగారుపూత పెట్టి, దానిని అణచి చదును చేసినచో బాద్‌లా యగును. దానిని పట్టుదారముపై చుట్టినచో కలాబత్తూ. బాద్‌లాను పేకగా, నూలును గాని పట్టును గాని పడుగుగా పెట్టి నేసిన పట్టీయే గోటా. వెడల్పును బట్టి, మడతను బట్టి దానికి ఎన్నో పేర్లు. మిక్కిలి వెడల్పైనది లప్పా, అంతకు తక్కువైనది లచ్‌కా, సన్నని మెరుపుగీతవంటిది ధనక్, అంచున కిరణములవలె వ్రేలాడునది కిరన్. గోటాను నొక్కులుగా మడచి ముండ్లు లేచినట్లు చేసినది గోఖ్రూ. గోఖ్రూ అనగా మన పల్లేరుకాయ. కాలిలో గ్రుచ్చుకొను పల్లేరును రాణివాసపు అంచుమీద బంగారుతో పూయించిన ఆ మొదటి పనివాని పేరు ఏ చరిత్రలోను లేదు. ఈ సామగ్రి అంతటికి కలిపి లక్నోలోను హైదరాబాదులోను మసాలా అని పేరు. వంటయింటి మాట దుస్తులకెక్కినదని నవ్వుకొనవచ్చును గాని, అరబ్బీలో ఆ మాటకు సామగ్రి అనియే అర్థము. హైదరాబాదు పెండ్లికూతుండ్ర ఖడా దుపట్టాకు మసాలా టాంకించుట యనగా ఈ పనియే.

పేష్వాజునకు గోటా కేవలము శోభకొరకు కాదు. సన్నని మల్లు గాలికి ఎగురును, కాళ్లకు చుట్టుకొనును. క్రిందిఅంచున లోహము కుట్టినచో ఆ బరువునకు కలీలు నిలువుగా దిగి వరుసలో నిలుచును. నర్తకి చక్కర్లు తిరిగినప్పుడు ఆ బరువే అంచును వెలుపలికి లాగి ఘేరాను చక్రమువలె విప్పును, ఆగినప్పుడు ఒక్క క్షణము ఆలస్యముగా క్రిందికి దించును. కథక్ నృత్యమునందలి చక్కర్ల అందములో సగము ఆ ఆలస్యముననే యున్నది. బరువు ఎక్కువైనచో మల్లు చినుగును గనుక, గోటాక్రింద బలమైన బట్టతో సంజాఫ్ వేసి దానిపైన గోటాను కుట్టవలసియుండెను. అస్తరు లేని దుస్తులోగూడ అంచున మాత్రము రెండవపొర కనబడుటకు కారణమిది.

వెండితో చేసినదగుటచేతనే గోటా స్త్రీలకు ధనము. బట్ట పాతబడినను దానిని విప్పి కొత్తబట్టకు కుట్టుకొనవచ్చును, కష్టకాలమున తూచి అమ్ముకొనవచ్చును. దాని కీడును అందులోనే యున్నది. 1856లో అవధ్ రాజ్యము ఆంగ్లేయుల వశమైనది. వాజిద్ అలీ షా కలకత్తా చెంతనున్న మటియాబుర్జునకు పోయెను. 1858 మార్చిలో ఆంగ్లసేన లక్నోను తిరిగి పట్టుకొన్నప్పుడు కైసర్‌బాగ్ మందిరములు దోపిడికి గురియైనవి. ఆ దోపిడిని కన్నులార చూచిన పత్రికావిలేఖరి విలియం హోవర్డ్ రస్సెల్, సైనికులు శాలువలను, జలతారు వస్త్రములను, అమూల్యమైన దుస్తులను మోసికొనిపోవుటను, కత్తిపిడులనుండియు జీనుబట్టలనుండియు రత్నములను పెకలించుటను తన దినచర్యలో వర్ణించెను. దోపిడికి తప్పిన దుస్తులు తరువాతి దశాబ్దములలో ఒక్కొక్కటిగా వెండి కరగించువారి కొలిమికి చేరినవి. కొలువులు పోయిన నాట్యకత్తెలు, పింఛనులు తగ్గిన బేగములు అంచులను విప్పి అమ్మిరి. కొనువారు గోటాను కాల్చి బూడిదనుండి వెండిని తీసికొనిరి. పట్టు, నూలు, గోఖ్రూ పనితనము అన్నియు పొగయై పోయినవి. ఏ వస్తువు మిక్కిలి విలువగలదో అదియే అందరికంటె ముందు నశించినది.

మటియాబుర్జులో పెరిగిన అబ్దుల్ హలీమ్ షరర్ 20వ శతాబ్దపు రెండవ దశాబ్దమున తన దిల్‌గుదాజ్ పత్రికలో లక్నో గత వైభవమును గూర్చి వ్యాసపరంపర వ్రాయుచు దుస్తులకును చోటిచ్చెను. జామానుండి బాలాబర్, దానినుండి అంగర్ఖా, తరువాత చప్‌కన్, అచ్‌కన్, చివరకు హైదరాబాదులో రూపుదిద్దుకొన్న షేర్వానీ అని ఆయన చూపిన వంశక్రమము ప్రసిద్ధము. కత్తిరింపు మారిన తీరును ఆయన చక్కగా పట్టుకొనెను. అస్తరులు మారిన తీరును గూర్చి ఇంకొంచెము చెప్పియుండిన బాగుండెడిది.

పాత కాలపు పేష్వాజును రంగస్థలముకొరకో చలనచిత్రముకొరకో మరల కుట్టించువారికి ఈ చరిత్ర అంతయు ఒక్కసారిగా ఎదురగును. 1960లో విడుదలయైన కె. ఆసిఫ్ చిత్రము మొగల్-ఎ-ఆజమ్‌కై దుస్తులు కుట్టుటకు ఢిల్లీ దర్జీలను, ఆభరణములకు హైదరాబాదు కంసాలులను నియోగించిరని ప్రతీతి. ఆ చిత్రములో అధికభాగము నలుపు తెలుపులలో తీసినది. అక్కడ బంగారు రంగు తెల్లని మెరుపుగానే కనబడును గాని, అంచు బరువు మాత్రము నర్తకి తిరిగిన ప్రతిసారి కనబడును. నేడు అంగడిలో సులభముగా దొరకు గోటా ప్లాస్టికు పొరపై లోహపు పూత పూసినది. రంగులో అది పాతదానిని మించి మెరయును, అదే దాని లోపము. బరువు లేనందున అంచు గాలికి తేలును, అలంకారము ఉండియు పేష్వాజు నడక రాదు. పాలియెస్టరు అస్తరు మరియొక చిక్కు. అది చెమటను పీల్చక కాళ్లకు అంటుకొనును, పైబట్ట ఒకవైపు పోవుచుండగా తానొకవైపు పోవును. మెత్తని నూలుబట్టయో, పలుచని పట్టో వేసినచో పైబట్టతోకూడ కదలును. నూలును కత్తిరింపకముందే తడిపి ఆరవేయవలెను. లేనిచో మొదటి ఉతుకుతో ముడుచుకొని అంచును పైకి లాగును. మల్లుతో కుట్టు వేసవి పేష్వాజు ఐనచో అస్తరే వలదు, సంజాఫ్ చాలును. నాటకసమాజములవారు మర్యాదకై దానికి నిండు అస్తరు వేయించుట చూచుచున్నాము. క్రింద పైజామాను సరిగా కుట్టించినచో ఆ అవసరము రాదు.

గోటా వెడల్పును నిర్ణయించుటకు చిత్రపటములకంటె మిగిలిన పాతబట్టలే మంచి సాక్ష్యము. అంచునుండి గోటా విప్పివేయబడిన పేష్వాజును వెలుతురులో పట్టి చూచినచో సూదిరంధ్రముల వరుసలు రెండు కనబడును. వాటి నడుమ బట్ట ఎండకు వెలవెలపోక మొదటి రంగుతోనే యుండును. రెండు వరుసల మధ్య దూరమును కొలిచినచో గోటా వెడల్పు తెలియును. ఆ నడిమి రంగును చూచినచో వస్త్రమంతయు ఒకప్పుడు ఏ రంగున నుండెనో తెలియును. క్రింది వరుసలో రంధ్రములు పెద్దవై చీలియున్నచో అక్కడ కిరన్ వంటి బరువైన అంచు వ్రేలాడెనని ఊహింపవచ్చును. ఆ కొలతకు సరిపడు పట్టీని అజ్మీరులోనో సూరతులోనో లోహపు తీగతో నేయించుకొనుట నేటికిని సాధ్యమే. వెండి కొనలేనివారికి రాగితీగపై వెండిపూత పెట్టినది దొరకును, దాని బరువు చాలును.